తెగులు లెక్క నాటు నాడే తేలుతుంది

సెప్టెంబరు వచ్చిందంటే కామారెడ్డి, ఎల్లారెడ్డి ఎరువుల దుకాణాల్లో ఇది మామూలే. రైతు రెండు మూడు వరి మొక్కలు పీక్కొచ్చి గల్లా మీద పెడతాడు. దుకాణదారు ఆకు తిప్పి చూసి రెండు డబ్బాలు తీసిస్తాడు. ఒకటి తెగులుకు, ఒకటి పురుగుకు. అడిగినా అడగకపోయినా మూడోది టానిక్కు. ఆ మొక్కకు ఆ రోగం ఎందుకొచ్చిందో అక్కడ ఎవరూ అడగరు, అడిగే తీరిక కూడా ఉండదు. నిజానికి ఆ కారణాల్లో చాలా భాగం జులైలో కరిగెట చేసి నాటేసిన రోజే మడిలో పడి ఉంటాయి. ఏ రోజున నారు పోశాం, ఏ రకం పోశాం, గజం జాగాలో ఎన్ని కుదుళ్లు పెట్టాం, మధ్యలో ఎక్కడైనా ఖాళీ వదిలామా, దమ్ములో ఎంత యూరియా పడింది అన్నవే ఆ కారణాలు. ఈ నిర్ణయాలకు ఖర్చు దాదాపు ఉండదు. సెప్టెంబరులో కొనే డబ్బాలకు మాత్రం ఉంటుంది.

ముందు శత్రువెవరో తేల్చుకోవాలి. వరికి బూజు జాతి తెగుళ్లు చాలా ఉన్నా కామారెడ్డి జిల్లాలో జేబుకు చిల్లు పెట్టేవి ప్రధానంగా మూడు. అగ్గి తెగులు ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చ వేస్తుంది. మచ్చ అంచు గోధుమ రంగులో, నడుమ బూడిద రంగులో ఉంటుంది. అదే ఈనిక తర్వాత కంకి మెడకు సోకితే మెడ నల్లబడి విరుగుతుంది, గింజ తాలుపోతుంది. పాముపొడ తెగులు నీటి మట్టం దగ్గర మొదలై పాము చర్మం మీద ఉండే మచ్చల్లాగా తొడిమెల వెంట పైకెక్కుతుంది. మూడోది మానిపండు తెగులు. కంకిలో అక్కడక్కడా గింజ బదులు పసుపుపచ్చని, తర్వాత నల్లపచ్చని ఉండలు వస్తాయి. పొట్టకుళ్లు, గోధుమ మచ్చ లాంటివి కూడా ఉన్నాయి కానీ నాటు పద్ధతితో ఎక్కువగా ముడిపడినవి మొదటి రెండు.

ఈ రెండూ ఒకే తీరుగా బతకవు. సలహాలు కలగాపులగం అయ్యేది ఇక్కడే. అగ్గి తెగులు గాలిలో తిరుగుతుంది. దాని బీజాలు విత్తనం మీద, పాత గడ్డి మీద, ఒడ్ల మీది గడ్డి జాతి కలుపు మీద ఉండి రాత్రి మంచులో లేచి ఆకు మీద వాలతాయి. రాత్రి వేడి 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండి, గాలిలో తేమ 90 శాతం దాటి, ఆకు పొద్దెక్కేదాకా తడిగా ఉంటే దానికి పండగ. పాముపొడ నేల మనిషి. ఆవగింజంత గోధుమరంగు ఉండల రూపంలో మట్టిలో, కొయ్యకాళ్లలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. దమ్ము చేసినప్పుడు ఆ ఉండలు నీటి మీద తేలతాయి, గాలికి కొట్టుకుపోయి మొదళ్లకు అంటుకుంటాయి. అక్కడి నుంచి పిలక పిలకకూ తాకుతూ నడుస్తుంది. అంటే ఒకటి పైనుంచి దిగేది, ఇంకొకటి కిందినుంచి ఎక్కేది. నాటులో మనం చేసే ప్రతి పనీ ఈ రెంటిలో దేనికి పనికొస్తుందో తెలిసి చేస్తే ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలుస్తుంది.

తేదీతో మొదలుపెడదాం, ఎందుకంటే అగ్గి తెగులుకు అసలు తాళం అక్కడే ఉంది. పూత ఎప్పుడొస్తుందో లెక్క కట్టి నారు పోయాలి. లెక్క సులువు. రకం మొత్తం కాలంలోంచి 30 రోజులు తీసేస్తే పూత దశ వస్తుంది. సాంబ మసూరి దాదాపు 150 రోజుల పంట. జూన్ 15న నారు పోస్తే అక్టోబరు రెండో వారంలో పూతకొస్తుంది. అదే బోరులో నీళ్లు చూసుకుని, చెరువు నిండేదాకా ఆగి, జులై 15న పోస్తే పూత నవంబరు రెండో వారానికి పోతుంది. అప్పటికి భిక్కనూరు, దోమకొండ, మాచారెడ్డి వైపు రాత్రిళ్లు చలి దిగి, పొద్దున మంచు కంకుల మీద ఆరకుండా ఉంటుంది. మెడ విరుపు వచ్చేది సరిగ్గా ఆ మంచులోనే. ఆలస్యమైందనుకుంటే రకం మార్చుకోవాలి తప్ప అదే రకాన్ని మొండిగా పోయకూడదు. 2015లో రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన తెలంగాణ సోన, అంటే ఆర్ఎన్ఆర్ 15048, సుమారు 125 రోజుల్లో కోతకొస్తుంది. జులై 10న పోసినా అక్టోబరు నడుమ పూత పడుతుంది. పైగా అగ్గి తెగులును తట్టుకుంటుంది. దొడ్డు వడ్లలో కూనారం సన్నాలు, అంటే కేఎన్ఎం 118, కూడా ఈ తెగులును తట్టుకునేదే.

రకం మాట ఈ రెండు మూడేళ్లలో మరింత ముఖ్యమైంది. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ రావడంతో దొడ్డు రకాలు వేసే రైతులు కూడా సన్నాల వైపు తిరిగారు. సన్నాల్లో సాంబ మసూరి రుచికీ రేటుకూ పేరున్నదే, అగ్గి తెగులుకు మాత్రం బలహీనమైంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ రకం ఇన్నేళ్లయినా జనం వదలడం లేదు. వదలమని చెప్పడం కూడా నా ఉద్దేశం కాదు. పోయేవాళ్లు ముందే పోయాలి, యూరియా తగ్గించుకోవాలి, పక్కమడిలో కూడా అదే రకం ఉంటే ఇంకొంచెం జాగ్రత్త పడాలి. ఇంకో పొరపాటు ఉంది. మెరుగైన సాంబ మసూరి అని ఒక రకం ఉంది. అది బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోవడానికి తయారైంది. దాన్ని వేసి అగ్గి తెగులు రాదని ధీమాగా కూర్చుంటే నష్టపోతారు.

యాసంగిలో లెక్క తిరగబడుతుంది. అప్పుడు పూతకు కాదు, నారుకు భయం. నవంబరు, డిసెంబరుల్లో పోసిన నారు చలిలో ఎర్రబడి, ఎదగక, మంచుకు తడిసి ఉంటుంది. అగ్గి తెగులు అక్కడే పట్టుకుని నాటుతో పాటు మడిలోకి వస్తుంది. బాన్సువాడ వైపు, పక్క జిల్లాలోని వర్ని, బోధన్ వైపు యాసంగి నాట్లు ముందే పడతాయి. మార్చి, ఏప్రిల్ వడగళ్లకు చిక్కకుండా కోత పూర్తి చేసుకోవాలన్నది అక్కడి ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ ముందుకు జరిపినకొద్దీ పిలకల దశ మొత్తం చలి రాత్రుల్లో గడుస్తుంది కాబట్టి అలా నాటేవాళ్లు తెగులును తట్టుకునే రకమే ఎంచుకోవాలి. నారుమడిలో రాత్రి నిలిచిన చల్లటి నీటిని పొద్దున్నే తీసేసి బోరు నీళ్లు పెట్టాలి. బోరు నీళ్లు ఆ పూట వెచ్చగా ఉంటాయి. రాత్రిపూట పలుచటి ప్లాస్టిక్ పట్టా కప్పి పొద్దున తీసేస్తే నారు కోలుకుంటుంది.

విత్తన శుద్ధి గురించి చాలాసార్లు చెప్పుకున్నదే, అయినా చేసేవాళ్లు తక్కువ. కిలో విత్తనానికి లీటరు నీళ్లలో 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టి, తీసి మరో 24 గంటలు మండె కట్టాలి. ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం చాలు, దానికి నారుమడి రెండు గుంటలు ఉండాలి. జాగా లేదని అదే విత్తనం గుంటలో పోస్తే నారు ఒత్తుగా, సన్నగా, ఊచలా లేస్తుంది. మొదటి తెగులు మచ్చ కనిపించేది ఆ ఒత్తులోనే.

ఇక నాటు. ఎన్ని కుదుళ్లు పెట్టాలన్నది రకాన్నిబట్టి ఉంటుంది. సాంబ మసూరి లాంటి దీర్ఘకాలిక రకానికి చదరపు మీటరుకు 33, మధ్యకాలిక రకానికి 44. కుదురుకు, కుదురుకు 15 సెంటీమీటర్లు, వరుసకు, వరుసకు 20 సెంటీమీటర్లు ఉంటే 33 వస్తాయి. రెండు వైపులా 15 పెడితే 44 వస్తాయి. చేతి నాటులో తేడా వచ్చేది సగటులో కాదు, ఒక మూలకూ ఇంకో మూలకూ మధ్య. ఒడ్డు పక్కన, నారు కట్టలు విసిరిన చోట ఒత్తుగా పడతాయి. మడి నడుమ పలచబడతాయి. ఒత్తుగా ఉన్నచోట పాముపొడ మొదలవుతుంది. పలచగా ఉన్నచోట పిలకలు రావాలని రైతు అదనంగా యూరియా చల్లుతాడు. ఆ యూరియా పలచని చోటే ఆగదు కదా, ఒత్తుగా ఉన్నచోటికి కూడా పోతుంది. తెగులు రెట్టింపవుతుంది. అందుకే నాటేస్తుండగానే నాలుగు కర్రలు కట్టి మీటరు చదరం చేసుకుని మూడు నాలుగు చోట్ల వేసి లెక్కపెట్టాలి. నాటేసిన తర్వాత లెక్కపెట్టి లాభం లేదు, కూలీలు వెళ్లిపోయి ఉంటారు.

కుదురుకు రెండు మూడు మొక్కలు మించకూడదు, లోతు రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. లోతుగా గుచ్చితే పిలకలు ఆలస్యమవుతాయి, ఆ ఆలస్యం మళ్లీ యూరియా బస్తా దాకా తీసుకుపోతుంది. ముదురు నారు కొసలు తుంచి నాటడం మన దగ్గర పాత అలవాటు. కాండం తొలిచే పురుగు గుడ్లు పోతాయి కాబట్టి మంచిదే. కానీ ఎండాకు తెగులు వచ్చే మడుల్లో ఆ తుంచిన గాయమే బాక్టీరియాకు దారి. అలాంటిచోట తుంచకుండా నాటడమే మేలు.

కాలిబాటల మాట వచ్చేసరికి రైతు ముఖం మారుతుంది. రెండు మీటర్లకు ఒకసారి 20 నుంచి 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి, తూర్పు పడమరలుగా వదలాలి. దాదాపు ప్రతి వ్యవసాయ అధికారీ చెప్పేదే. రైతు మనసులో లెక్క వేరు. మొత్తం జాగాలో పదో వంతు పోయినట్టే కదా అనుకుంటాడు. లెక్క కాగితం మీద వేసి చూద్దాం. బాట లేకపోయినా రెండు వరుసల మధ్య 15 సెంటీమీటర్లు ఎలాగూ వదలాలి. 30 సెంటీమీటర్ల బాట అంటే అదనంగా పోయేది 15 మాత్రమే, అంటే ఏడు శాతం. బాట 20 సెంటీమీటర్లే పెడితే పోయేది రెండున్నర శాతం. బాటకు రెండు పక్కలా ఉన్న వరుసలు ఎక్కువ వెలుతురు తాగి ఎక్కువ పిలకలు పెట్టి, బరువైన కంకులు వేసి ఆ లోటులో చాలా భాగం పూడుస్తాయి. ఒడ్డు పక్క వరుస ఎప్పుడూ బలంగా ఉండటం ప్రతి రైతూ చూసిందే.

అయితే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కాలిబాట అగ్గి తెగులుకు మందు కాదు. అది గాలిలో వచ్చే తెగులు, బాట ఉన్నా దాటుతుంది. ఆకు త్వరగా ఆరడం వల్ల కొంత తగ్గవచ్చు, అంతే. బాట బలం పాముపొడ మీద, సుడిదోమ మీద. పిలకకు పిలక తాకకుండా ఒక కందకం తవ్వినట్టు అది తెగులును అక్కడ ఆపుతుంది, మొదళ్లకు గాలి వెలుతురు తగిలి అక్కడి తేమ ఆరిపోతుంది. మూడో లాభం ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు అదే అన్నింటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. బాట ఉంటే మనిషి మడి నడుమకు పోయి, మొక్కను పక్కకు తీసి మొదలు చూడగలడు. బాట లేని మడిలో రైతు ఒడ్డు మీద నిలబడి పై ఆకులు చూస్తాడు. పాముపొడ పై ఆకుకు వచ్చేసరికి కింద నెల రోజుల పని చేసి ఉంటుంది. మందు కొట్టేటప్పుడు కూడా అంతే. పైనుంచి, అది చేతి పంపు అయినా డ్రోన్ అయినా, దట్టమైన మడిలో మొదళ్ల దాకా దిగే మందు తక్కువ.

మరి వదిలేది ఎవరు? గుత్తకు నాటే కూలీలకు ఎకరం ఎంత త్వరగా అయిపోతే అంత లాభం. తాడు పట్టుకుని నిలబడటం వాళ్లకు వృథా. నాటు మొదలైన తర్వాత రైతు ఒడ్డు మీద నిలబడి బాటలు బాటలు అని అరిస్తే ఎవరూ వినరు. గుత్త మాట్లాడే రోజే చెప్పాలి. ఊళ్లో ఆడవాళ్ల జట్టయితే, "అక్కా, రెండు గజాలకో జానెడు వదలాలె, తాడు మేమే పట్టుకుంటం" అంటే చాలావరకు ఒప్పుకుంటారు. తాడు పట్టే ఇద్దరు మనుషులు రైతు ఇంటివాళ్లే కావడం ముఖ్యం, అప్పుడు జట్టు పని ఆగదు. ఈ మధ్య బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చే జట్లు ఈ జిల్లాలో కూడా చాలా నాట్లు వేస్తున్నాయి. వాళ్లకు మాటతో కంటే కొలతతో చెప్పడం సులువు. రెండు మీటర్ల కర్ర ఒకటి, జానెడు కర్ర ఒకటి మేస్త్రీ చేతికిచ్చి, మొదటి రెండు పట్టీలు దగ్గరుండి వేయించుకుంటే మిగతావి వాళ్లే వేస్తారు. ఎకరానికి కొంత ఎక్కువ అడిగితే ఇవ్వండి. ఒక్క పిచికారీ కూలీ, మందు కలిపితే అయ్యే ఖర్చుతో పోల్చుకుని చూస్తే అది భారం కాదు.

నాటు నాడు కుదరకపోతే ఇంకో దారి ఉంది. నాటేసిన మూడు నుంచి ఐదు రోజుల్లో, వేరు పూర్తిగా పట్టకముందే, తాడు కట్టి ఒక వరుస కుదుళ్లు పీకేయండి. పీకిన నారు పలచబడిన సందుల్లో పెట్టండి. బాట వస్తుంది, సందులూ పూడతాయి. కొందరు రైతులు నాటు నాటి బాటల కంటే దీన్నే ఇష్టపడతారు, ఎందుకంటే ఇంట్లోవాళ్లే చేసుకోవచ్చు.

యంత్రంతో నాటితే వరుసల మధ్య దూరం సాధారణంగా 30 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి విడిగా బాటల బెడద లేదు. డ్రమ్ము సీడరుతో విత్తేవాళ్లు కొన్ని వరుసలకొకసారి డ్రమ్ము రంధ్రాలను రబ్బరు పట్టీతో మూసి ఆ వరుస ఖాళీగా వదలవచ్చు. చేత్తో వెదజల్లే పద్ధతికి మాత్రం ఒక హెచ్చరిక. నారు, నాటు ఖర్చు మిగులుతుందని విత్తనం గుప్పిళ్లతో ఎక్కువ చల్లితే ఆగస్టుకల్లా మడి కిక్కిరిసిపోతుంది. కూలీ దొరకని చోట వెదజల్లడం తప్పు కాదు. తప్పల్లా విత్తనం ఎక్కువ చల్లడమే.

యూరియా దగ్గర ఆగి మాట్లాడాలి. ఉత్తర తెలంగాణలో వానాకాలం వరికి ఎకరానికి 48 కిలోలకు మించి నత్రజని అక్కర్లేదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు కొంచెం పైన నత్రజని ఉంటుంది. అంటే డీఏపీ, కాంప్లెక్సులతో వచ్చేది కూడా కలుపుకుని రెండు బస్తాల పైచిలుకే. దీన్ని దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో మూడుసార్లుగా వేయాలి. అగ్గి తెగులు మచ్చ కనిపించిన రోజు నుంచి అది ఆగేదాకా ఒక్క పిడికెడు కూడా వేయకూడదు. 2025 ఆగస్టులో యూరియా కోసం సొసైటీల దగ్గర వరుసలు కట్టాల్సి వచ్చింది. అలా కష్టపడి తెచ్చుకున్నది మళ్లీ దొరుకుతుందో లేదోనని ఒకేసారి చల్లేయడం మనిషి సహజం, నేను తప్పు పట్టను. కానీ మొక్క సహజం వేరు. ఒక్కసారిగా పడిన నత్రజనితో ఆకు మెత్తబడి ముదురాకుపచ్చగా మారి బూజుకు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టవుతుంది. ఇంట్లో దాచి మూడుసార్లు వేయండి. పొటాష్‌ను కూడా సగం దమ్ములో, సగం అంకురం దశలో వేస్తే కాండం గట్టిపడుతుంది.

నీటి విషయంలో రెండు తెగుళ్లూ రెండు వైపులా లాగుతాయి. పాముపొడ కనిపిస్తే మడిలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. అగ్గి తెగులు కనిపిస్తే మడి ఎండనివ్వకూడదు, నీటి ఎద్దడి పడిన వరికి ఆ తెగులు ఎక్కువగా వస్తుంది. కాలువ కిందివాళ్లకు, బోరు కిందివాళ్లకు ఒకే సలహా పనికిరాదనేది అందుకే. 1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు నీళ్లు అందే ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మడుల్లో, నిజాంసాగర్ కింద బాన్సువాడ వైపు, నిలువ నీళ్లతో పాముపొడకు అవకాశం ఎక్కువ. పై మడి నీళ్లు కింది మడిలోకి దిగుతాయి కాబట్టి తేలిన ఉండలు కూడా దిగుతాయి. బోరు మీద ఆధారపడిన కామారెడ్డి చుట్టుపక్కల మెట్ట మండలాల్లో మడి ఆరే రోజులు ఎక్కువ, అక్కడ అగ్గి తెగులు మీద కన్నేయాలి.

దమ్ము రోజు చేయదగ్గ చిన్న పని ఒకటుంది. ఆఖరి దమ్ము తర్వాత నీళ్లు నిలబెడితే గాలి కొట్టే వైపు మూలలో నురగ, గడ్డి ముక్కలు, చెత్త చేరుతాయి. పాముపొడ ఉండలు ఉండేది అందులోనే. చేటతోనో పాత దోమతెర గుడ్డతోనో తీసి ఒడ్డు అవతల కాకుండా దూరంగా వేసి కాల్చేయాలి. ఎకరానికి అరగంట పని. ఇంత తేలికైన పని చేసే రైతులు ఎందుకంత తక్కువో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పంట మార్పిడి గురించి కూడా ఒక అపోహ ఉంది. వరి తర్వాత మక్క వేస్తే తెగులు పోతుందని చాలామంది అనుకుంటారు. మన జిల్లాలో మక్క ఎక్కువే. పాముపొడ కలిగించే బూజే మక్కలో ఆకు తొడిమెల మీద పట్టీలు పట్టీలుగా ఎండబెట్టే తెగులును కూడా కలిగిస్తుంది. సోయాకు కూడా సోకుతుంది. కాబట్టి పాముపొడ విపరీతంగా వచ్చిన మడికి మక్క విశ్రాంతి కాదు. అగ్గి తెగులు విషయంలో మాత్రం ఈ మార్పిడి పనికొస్తుంది.

వరద మాట ఎత్తకుండా ఈ జిల్లా గురించి రాయలేం. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన వానకు రాజంపేట మండలం ఆర్గొండలో వర్షపాతం 40 సెంటీమీటర్లు దాటింది, పోచారం పొంగి పొర్లింది, వేల ఎకరాల వరి మునిగింది. మునిగి తేలిన మడిలో ముందుగా చేయాల్సింది నీళ్లు తీయడం, ఆకు మీది ఒండ్రు కడగడం. యూరియా గుమ్మరించడం కాదు. కొత్త ఆకు వచ్చాక కొద్దిగా యూరియా, దానితో పొటాష్ వేయవచ్చు. ఎవరి మడి చెత్తో వచ్చి మన మడిలో చేరింది కాబట్టి ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది కూడా పాముపొడ కోసం మొదళ్లు చూస్తూనే ఉండాలి.

రకాలను కలిపి నాటి తెగులును తగ్గించవచ్చా అని ఈ మధ్య ఒకరిద్దరు అడిగారు. తగ్గించవచ్చని చైనా రైతులు నిరూపించారు. యునాన్ ప్రాంతంలో 1998, 1999లలో వేల ఎకరాల్లో, అగ్గి తెగులు బాగా సోకే జిగురు బియ్యం రకాన్ని నాలుగు నుంచి ఆరు వరుసల సంకర వరికి ఒక వరుస చొప్పున నాటారు. ఆ జిగురు రకంలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. 2000లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాలను ప్రపంచమంతా చదివింది. అక్కడ చేత్తో విడివిడిగా కోసుకునే వీలుంది. మన దగ్గర హార్వెస్టర్ కోస్తుంది, కొనుగోలు కేంద్రంలో కల్తీ గింజలకు పేచీ వస్తుంది, సన్నాల బోనస్ పోతుంది. కాబట్టి ఒకే మడిలో కలపమని ఇక్కడ చెప్పలేం. ఒక్క మాట తీసుకోవచ్చు. ఒక కాలువ కింద, ఒక చెరువు కింద వంద ఎకరాలూ సాంబ మసూరే కాకుండా నడుమ నడుమ తెలంగాణ సోన మడులుంటే బీజం ఎగిరి వాలే చోటు తగ్గుతుంది. ఒడ్డు పక్క రైతుతో నారు పోయకముందు ఒక్క మాట మాట్లాడుకుంటే చాలు.

ఇంత చేసినా తెగులు వస్తే మందు కొట్టాల్సిందే, సిగ్గు పడాల్సింది లేదు. అగ్గి తెగులుకు లీటరు నీటికి ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి 0.6 గ్రాములు, లేదా ఐసోప్రొథయోలేన్ 1.5 మిల్లీలీటర్లు, లేదా కాసుగామైసిన్ 2.5 మిల్లీలీటర్లు. పాముపొడకు హెక్సాకొనజోల్ 2 మిల్లీలీటర్లు లేదా వాలిడమైసిన్ 2 మిల్లీలీటర్లు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు పడాలి. నాలుగు ట్యాంకులతో ముగిస్తే మందు పేరుకే. అగ్గి తెగులు మందు పాముపొడకు, పాముపొడ మందు అగ్గి తెగులుకు కొట్టేసి ఫలితం లేదనేవాళ్లు చాలామంది, అందుకే ఏ తెగులో తేల్చుకోవడం ముందు పని. తెల్లకంకి చూసి కూడా మోసపోకండి. పీకితే కంకి సులువుగా ఊడొస్తే అది కాండం తొలిచే పురుగు. ఊడకుండా, మెడ దగ్గర నల్లగా ఉంటే మెడ విరుపు. అనుమానముంటే ఊరి రైతు వేదికలో విస్తరణ అధికారికి చూపించండి, లేదా రుద్రూర్ పరిశోధన స్థానానికి మొక్క తీసుకెళ్లండి.

మానిపండు తెగులుకు ఉండలు కనిపించాక కొట్టే మందు డబ్బు దండగ. పూత సమయంలో ముసురు పట్టేలా ఉంటే, ముందటి ఏడు ఆ మడిలో వచ్చి ఉంటే, పొట్ట దశలో లీటరుకు 1 మిల్లీలీటరు ప్రొపికొనజోల్ కొట్టాలి. కంకిలో గింజ పాలు పోసుకున్నాక ఆ ఆలోచనే వద్దు.

కోతలప్పుడు హార్వెస్టర్ వచ్చేసరికి ఏ మడి ముందు కోయాలో కూడా చెప్పండి. తెగులు లేని మడి ముందు, పాముపొడ పట్టిన మడి చివర. యంత్రం పళ్లకూ చక్రాలకూ అంటిన గడ్డి, మట్టి దులపకుండా మడి మారిస్తే ఉండలు కూడా మారతాయి. వచ్చే ఏటికి ఇంటి విత్తనం దాచుకునేవాళ్లు దానికి వేరే మడి ముందే గుర్తు పెట్టుకుని, మెడ విరిగిన కంకి ఒక్కటీ లేకుండా చూసి, ఆ మడిని చేత్తో కోయించుకోవాలి.